ఎదుటి తలుపు కొలత

పార్సిల్ విప్పగానే హాలంతా రబ్బరు వాసన. కొత్త టైర్ల దుకాణంలోకి వెళ్ళినట్టూ, బడి తెరిచే ముందు కొన్న చెప్పుల డబ్బా మూత తీసినట్టూ ఉండే వాసన. కొత్త డోర్ మ్యాట్. మా ఆవిడ సునీత ఫోన్లో స్మాల్ చూసి, పిసినారి ఇల్లులా ఉంటుందని వదిలేసి, మీడియం చూసి, ఎటూ కాకుండా ఉందని వదిలేసి, లార్జ్ మీద వేలు నొక్కింది. చుట్టి పంపడం వల్ల అంచులు పైకి లేచి, పడుకోవడం ఇష్టంలేని పిల్లాడిలా ఉంది. దాన్ని తీసుకెళ్ళి గుమ్మం బయట పరిచింది. అది మా గడప దగ్గర మొదలై, ఎదురు ఫ్లాట్ వాళ్ళ గడపను పలకరించేంత దూరం వెళ్ళింది. "ఎలా ఉంది?" అంది. "వాళ్ళ జాలీ తలుపు బయటికి ఎంతవరకు వస్తుందో చూశావా?" అన్నాను. సునీత నడుం మీద చేతులు పెట్టుకుని నా వంక చూసి, "వచ్చారు యాదగిరి సార్" అంది. నేను ఒక రకంగా మాట్లాడినప్పుడల్లా మా ఇంట్లో అలాగే అంటారు. ఆయన పోయి కొన్నేళ్ళయింది. అయినా వారానికి ఒకసారైనా మా ఇంటికి వస్తూనే ఉంటారు.

యాదగిరి సార్ మా ఇంటి ఓనరు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో మేము ఎల్.బి.నగర్ చౌరస్తాకు నడిచి వెళ్ళగలిగే దూరంలో, ఒక కాలనీలో ఆయన ఇంట్లో కిరాయికి ఉండేవాళ్ళం. నాదర్‌గుల్ పక్క ఊరి మనిషి. సర్కారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. మనిషి పొట్టి, పాదాలు ఇంకా పొట్టి, గొంతు మాత్రం వెనక బెంచీ దాకా వెళ్ళేలా తయారైనది. ఇల్లు తానే దగ్గరుండి కట్టించుకున్నారు. మొదటి అంతస్తును రెండు పోర్షన్లు చేసి, ఒకదాంట్లో తానూ భాగ్యమ్మ ఆంటీ ఉంటూ, రెండోది కిరాయికి ఇచ్చారు. వాస్తు సిద్ధాంతి ఒక పోర్షన్‌కి తూర్పు గుమ్మం, ఇంకోదానికి పడమర గుమ్మం అన్నాడట. దిక్కులకు న్యాయం జరిగింది గానీ తలుపులకు అన్యాయం జరిగింది. మెట్లెక్కి రాగానే ఉండే ఇరుకు జాగాలో రెండు గుమ్మాలూ ఎదురెదురుగా వచ్చాయి. లోపలి చెక్క తలుపులతో గొడవ లేదు. దోమల కోసం పెట్టిన జాలీ తలుపులు మాత్రం రెండూ బయటికే తెరుచుకుంటాయి. రెండూ ఒకేసారి తెరిస్తే పొట్టేళ్ళలా ఢీకొంటాయి. జీవితమంతా పిల్లలకు రేఖాగణితం చెప్పిన మనిషి కట్టుకున్న ఇల్లు అది. ఈ మాట నేను ఆయనతో అన్నాను కూడా. "గా సిద్ధాంతి నా స్టూడెంటే. లెక్కల్ల తప్పిండు, అందుకే వాస్తుల వడ్డడు" అన్నారు.

మేము దిగిన రోజున మా పెళ్ళికి ఎవరో ఇచ్చిన మ్యాట్ ఒకటి సామాన్లలో బయటపడింది. ఎర్రటి పీచు మ్యాట్, బొద్దుగా, పెద్ద పండగకు ఎర్రమన్ను పూసిన అరుగులా ఉంది. గుమ్మం బయట పరిచాం. మా జాలీ తలుపు కింది చెక్కను అంతకుముందు ఎవరో కోసి ఉంచారు కాబట్టి అది మ్యాట్ మీదుగా సాఫీగానే జరిగింది. సంతోషించి లోపలికి వెళ్ళి పప్పు డబ్బాలు సర్దుకుంటున్నాం. కాసేపటికి బయట ఇనుము కదిలిన చప్పుడు, ఆ వెంటనే ఒక గొంతు. "ఎవలయ్యా గిది పరిశింది? ఓనర్‌ని ఓనర్ ఇంట్లనే బంద్ వెట్టిండ్రు!" నేను పరుగున వెళ్ళాను. ఆయన జాలీ తలుపు మా మ్యాట్‌కి తట్టుకుని జానెడు తెరుచుకుని ఆగిపోయింది. ఆ జానెడులోంచి ఆయన ముక్కూ, ఒక కన్నూ కనబడుతున్నాయి. "సారీ సార్, కొలిచే పరిచాం" అన్నాను. "ఏం కొలిసినవ్?" "మా గుమ్మం వెడల్పు." "నీ గుమ్మం నువ్వు కొలుసుకుంటే ఏమొస్తది? మ్యాట్ కొనేటోడు ఎదుటోని తలుపు కొలవాలె. అది యాడిదాక ఒస్తదో సూసి, మిగిలిన జాగల కొనుక్కోవాలె." అదంతా జాలీ వెనక నుంచే చెప్పారు. జైల్లో ఉన్న మనిషి ములాఖత్‌కి వచ్చిన వాడికి పాఠం చెప్పడం నేను చూడటం అదే మొదలు. మ్యాట్ లాగేశాక బయటికి వచ్చి, ఆ ఇంటి ఆచారం కూడా చెప్పారు. ఎవరు తలుపు తీసినా ముందు "తలుపు తీస్తున్న" అని కేకేయాలి. అవతలి వాళ్ళు "తియ్యి" అన్నాకే తీయాలి. అప్పటికి అది నాకు పల్లెటూరి వేషంలా అనిపించింది. ఒకసారి మరిచిపోయి తీసి, ఆంటీ చేతిలోని పాలగిన్నె మెట్లమీదుగా కిందికి వెళ్ళిన తరువాత నేనూ ఆచారవంతుణ్ణయ్యాను.

ఆ వారమే ఆయన నన్ను దిల్‌సుఖ్‌నగర్ తీసుకెళ్ళారు. నేను అక్కడే ఒక కోచింగ్ సెంటర్లో రీజనింగ్ చెప్పేవాణ్ణి. గడియారం ముళ్ళ మధ్య కోణం ఎంత, రాముడికి ఎడమ పక్కన కూర్చున్నది ఎవరు, ఇలాంటి దేశానికి పనికొచ్చే విషయాలు. ఫుట్‌పాత్ మీద మ్యాట్లు గుట్టలుగా పోసి అమ్మేవాళ్ళ దగ్గర ఆయన ఆగి, చెప్పులు విడిచి, ఒక్కో మ్యాట్ మీదా ఎక్కి నిలబడ్డారు. జనం మా చుట్టూ నీళ్ళలా చీలి వెళ్తున్నారు. "గడప మీదికి ఎక్కొద్దు. గడపకు పసుపు రాస్తం, దాని మీద కాళ్ళు తుడుసుకునేది పడొద్దు. నీ తలుపు దాని మీదికెల్లి జరగాలె. ఎదుటోని తలుపు దానికి తగలొద్దు. మనిషి రెండు కాళ్ళూ దాని మీద వట్టాలె. గంతే." చివరికి ఒక పల్చటి నీలం మ్యాట్ మీద రెండు కాళ్ళూ పెట్టి నిలబడి, "గిదే సైజు" అన్నారు. ఇంటికి తెచ్చి పరిస్తే తలుపులన్నిటికీ సరిపోయింది. నేను ఎక్కి నిలబడితే మాత్రం ఒక పాదం పూర్తిగా, రెండో పాదం సగం పట్టాయి. మిగతాది నేల మీద. ఆయన కాసేపు నా పాదాల వంక చూసి, "కొలత తప్పు గాదు, నీ కాళ్ళే తప్పు" అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ తరువాత నేను ఆ ఇంట్లో ఎప్పుడూ ఒంటికాలి మీద నిలబడే కాళ్ళు తుడుచుకున్నాను. మా నాన్న తెనాలి నుంచి ఫోన్ చేసి "అక్కడ ఎలా ఉంటున్నార్రా?" అని అడిగితే, ఒంటికాలి మీద ఉంటున్నామని ఉన్న విషయమే చెప్పాను. ఆయన దాన్ని వేరే విధంగా అర్థం చేసుకుని వారం రోజులు నిద్రపోలేదట.

నాన్న భయానికి కారణాలు లేకపోలేదు. ఉద్యమం అప్పటికి వీధి వీధికీ వచ్చింది. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వంటావార్పు. కోచింగ్ సెంటర్ షట్టరు సగం దించి క్లాసులు, మరీ ఎక్కువైతే పూర్తిగా దించి సెలవు. పాఠం ఎక్కడ ఆగిందో నాకూ గుర్తుండేది కాదు, పిల్లలకూ గుర్తుండేది కాదు. ఆ రోజుల గురించి ఇప్పుడు చాలామంది చాలా వీరోచితంగా రాస్తారు. నాకు గుర్తున్నది అలసట. నినాదాలిచ్చేవాళ్ళూ అలసిపోయారు, వినేవాళ్ళూ అలసిపోయారు. సార్ పొద్దున్నే తెల్ల చొక్కా వేసుకుని, మెడలో గులాబీ కండువాతో చౌరస్తా దగ్గర దీక్షా శిబిరానికి వెళ్ళి, సాయంత్రం మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కేవారు. నేను ఖాళీ క్లాసులోంచి వచ్చి, ఆయన వెనకాలే ఎక్కేవాణ్ణి. ఒక్కోసారి ఇద్దరం సగం మెట్ల దగ్గర ఆగి ఊపిరి తీసుకునేవాళ్ళం. "ఏమాయె, ఇయ్యాల మీ క్లాసు?" "మీరే బంద్ చేశారు కదా సార్." "మంచిగైంది. నీకూ రెస్టు." ప్రత్యేక రాష్ట్రం గురించి మా ఇద్దరి మధ్యా నడిచిన చర్చ చాలాకాలం ఇంతే.

అప్పుడు సునీతకు నెలలు నిండుతున్నాయి. ఒకరోజు దవాఖానలో చూపించుకుని స్కూటర్ మీద వస్తుంటే చౌరస్తాలో ట్రాఫిక్ ఆగిపోయింది. శిబిరం పక్కనే ఇరుక్కున్నాం. మైకులో గొంతు సార్‌దే. "మన జాగల మనమే కిరాయిదార్ల లెక్క బతుకుతున్నం. ఒచ్చినోళ్ళు ఇగ చాపలు సుట్టుకోవాలె!" చప్పట్లు మోగాయి. నా వీపు మీద ఆనించి ఉన్న సునీత చెయ్యి వెనక్కి పోయింది. ఇంటికి వచ్చాక మెట్లు నెమ్మదిగా ఎక్కి, గుమ్మం ముందున్న నీలం మ్యాట్‌ని వంగలేక వంగి తీసి, దులిపి, చుట్టి, మంచం కిందికి తోసింది. "ఏం చేస్తున్నావ్?" అన్నాను. "చుట్టమన్నారుగా, చుట్టాను" అంది.

తరువాత చాలా రోజులు మా రెండిళ్ళ మధ్యా మాటల్లేవు. ఒక్కటే మినహాయింపు. తలుపులకు రాజకీయాలు తెలియవు కాబట్టి వాటి కోసం మాట్లాడక తప్పేది కాదు. "తలుపు తీస్తున్న." "తియ్యండి." "తలుపు తీస్తున్నాం." "తియ్యుండ్రి." అంతే. దేశాల మధ్య కూడా సంబంధాలు ఈ మాత్రంగానే నడుస్తాయని తరువాత టీవీ చూసి తెలుసుకున్నాను. గుమ్మం ముందు వట్టి నేల చూసి సార్ కొన్నాళ్ళు ఊరుకున్నారు. ఒకరోజు ఆగలేక అడిగారు. "ప్రసాదూ, మ్యాట్ యాడ వోయింది?" "ఉతికాం సార్. ఇంకా ఆరలేదు." "గీ ఎండలల్ల?" ఆయన నెత్తి మీద మండుతున్న సూర్యుణ్ణి ఒకసారి చూసి లోపలికి వెళ్ళారు.

సునీత పురుటికి తెనాలి బయల్దేరే ముందు నాకు స్పష్టంగానే చెప్పింది. "నా బిడ్డ మొదటిసారి ఎక్కే మెట్లు ఇవి కాకూడదు. ఎవరి జాగాలోకో వచ్చినట్టు రాకూడదు. వేరే ఇల్లు చూడండి. లేదంటే మీ సెంటర్ వాళ్ళు విజయవాడ బ్రాంచికి వెళ్ళమంటున్నారుగా, అక్కడికే పోదాం." ఆమె కోపంగా చెప్పి ఉంటే నేను ఏదో ఒక జోకు వేసేవాణ్ణి. అలసిపోయి చెప్పింది. అలసిపోయిన మనిషి ముందు జోకులు పనిచేయవు. ఇల్లు మారడమంటే గ్యాసు కనెక్షన్ దగ్గర్నుంచి అన్నీ మారాలి. ఊరు మారడమంటే నేనే మారాలి. అయినా ఒక సాయంత్రం ఎదురు తలుపు ముందు నిలబడి చెప్పేశాను. "సార్, ఖాళీ చేద్దామనుకుంటున్నాం." జాలీ వెనక ఆయన బనీను మీద ఉన్నారు. "కారణం?" "మీరే మైకులో చెప్పారు కదా సార్." ఆయన చేతిలోని పేపరు మడత పెట్టారు, మళ్ళీ విప్పారు. "బిడ్డ పుట్టిందా?" అన్నారు చివరికి. "ఇంకా లేదు సార్." "పుట్టినంక చెప్పు" అని లోపలికి వెళ్ళారు. ఖాళీ చేయమన్నారో, వద్దన్నారో తెలియలేదు.

ఆడపిల్ల పుట్టింది. మెట్ల దగ్గర నిలబడి ఆ మాట చెబితే ఆంటీ పరుగున వచ్చి, తలుపు తీస్తున్నానని చెప్పడం మరిచి, జాలీ తలుపు నా మోకాలికి కొట్టారు. సార్ "శుభం" అన్నారు. నేను తెనాలి వెళ్ళి పిల్లను చూసి, వారం తరువాత తిరిగి వచ్చాను. పగటి బస్సు దిగి, ఎండలో సంచీ మోసుకుంటూ మెట్లెక్కి, అలవాటుగా ఎదురు తలుపు తెరుచుకుంటుందేమోనని గోడవారగా ఒదిగాను. అక్కడ తెరుచుకోవడానికి తలుపు లేదు. సార్ వాళ్ళ జాలీ తలుపు బందులతో సహా ఊడి, మేడ మీదికి పోయే మెట్ల పక్కన గోడకు ఆనించి ఉంది. చౌకట్టుకు మేకులు పీకిన గుంటలు కొత్తగా, తెల్లగా కనిపిస్తున్నాయి. సార్ కుర్చీ వేసుకుని వాటికి లప్పం పూస్తున్నారు.

"తలుపేమైంది సార్?"

"తుప్పువట్టింది."

మొన్న దసరాకే దానికి రంగు వేయించారు. నిచ్చెన పట్టుకున్నది నేనే. లోపల్నుంచి ఆంటీ గొంతు వచ్చింది. "తుప్పు లేదు, గిప్పు లేదు. పిల్ల పాకుకుంట ఇటు ఒస్తది, తలుపు బయటికి తీస్తే నెత్తికి తగుల్తదని పొద్దుగాల మేస్త్రిని పిలిచి ఊడవీకిచ్చిండు. ఇగ దోమలు నన్ను పీక్కతింటయ్."

"నువ్వూకో" అన్నారు సార్. లప్పం పూసే చెయ్యి ఆగలేదు. "పిల్ల ఒస్తదో రాదో నాకేం ఎర్క? ఒస్తే మాత్రం తగలొద్దు."

నేను సంచీ దించి మెట్టు మీద కూర్చున్నాను. అడిగాను. "సార్, ఆ రోజు మైకులో అన్నది..." ఆయన తడి చేతులు లుంగీకి తుడుచుకున్నారు. "అన్న. అనలేదని చెప్ప. మైకు ముంగట నిలవడితే మనిషి జర సైజు పెరుగుతడు. ఎదుటోనికి యాడ తగుల్తున్నడో కనవడదు." అంతలోనే గొంతు పెంచారు. "అట్లని తెలంగాణ ఇడుస్తనని అనుకోకు." "విడవమని నేనన్లేదు సార్." "మరింక ఏందీ పరేషాన్? లోపటికి నడువు. ఆంటీ చాయ్ వెడ్తది."

ఆ సాయంత్రం సునీతకు ఫోన్లో అంతా చెప్పాను. ఉండమని నేను అడగలేదు. తలుపు ఊడదీశారని చెప్పాను, మేకుల గుంటల సంగతి చెప్పాను, ఆంటీ మాటలు ఆంటీలాగే చెప్పాను. అవతల పిల్ల ఏడుపు వినబడుతోంది. సునీత పిల్లను జోకొడుతూ, "దోమలు కుట్టవూ వాళ్ళని?" అంది. "కుడుతున్నాయి" అన్నాను. అబద్ధం కాదు. అప్పటికే ఎదురింట్లో దోమల బ్యాటు చిటపటమంటోంది. ఆ తరువాత ప్రతి సాయంత్రం ఆ చప్పుడు వినేవాణ్ణి. సార్ నోటితో క్షమించమని ఎప్పుడూ అడగలేదు. ఆయన తరఫున ఆ బ్యాటు రోజూ అడిగేది. మర్నాడు సునీతే ఫోన్ చేసింది. పిల్ల తాగిన పాలు, పోయిన నిద్ర అన్నీ చెప్పి, పెట్టేసే ముందు అడిగింది. "ఇంతకీ మ్యాట్ ఏ సైజు తెస్తున్నారు?"

ఈసారి నేను ఒక్కణ్ణే దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి, నా రెండు పాదాలూ పట్టేది తెచ్చాను. సార్ దాన్ని చుట్టూ తిరిగి చూశారు. "ఎక్కువైంది" అన్నారు. "ఇప్పుడు మీ తలుపు లేదుగా సార్." "తలుపు లేకుంటే నేను లేనా? బయటికొస్తే నేను యాడ అడుగు వెయ్యాలె, నీ మ్యాట్ మీదనా?" కానీ మరునాటి నుంచి బయటికి వెళ్ళి వచ్చినప్పుడల్లా మా మ్యాట్ మీదే కాళ్ళు తుడుచుకుని తన ఇంట్లోకి వెళ్ళేవారు. తనది ఎందుకు అరగదీసుకోవాలని కాబోలు. మా అమ్మాయి నిజంగానే పాకుతూ ఆ గడపకీ ఈ గడపకీ తిరిగింది. సార్‌కి అప్పుడు తలుపంటే లోపలికి తెరుచుకునే చెక్క తలుపే. అది ఎవరికీ తగలదు. అయినా తీసే ముందు "తలుపు తీస్తున్న" అనడం మానలేదు. "ఇప్పుడెందుకు సార్?" అంటే, "పిల్ల ఆనుకొని కూసుంటే?" అనేవారు.

రాష్ట్రం వచ్చిన రోజున కాలనీ అంతా టపాసులు. మేము లోపలే ఉన్నాం. ఏ ముఖం పెట్టుకుని బయటికి రావాలో తేల్చుకోలేదు. బయట మ్యాట్ మీద కాళ్ళు తుడుస్తున్న చప్పుడు వినబడింది. ఆ రోజు మామూలు కన్నా ఎక్కువసేపు తుడిచారు. తలుపు తీస్తే సార్, చేతిలో స్వీట్ల డబ్బా, మొహం మీద గులాబీ రంగు. లోపలికి రాలేదు. "తింటవా, తినవా?" అన్నారు. డబ్బాలో కాకినాడ కాజాలు. నేను కాజాల వంకా ఆయన వంకా చూశాను. "ఏం జేస్తం? దుకాణంల అన్నీ అయిపోయినయ్. గివే మిగిలినయ్" అన్నారు. సునీత నవ్వాపుకోలేక ముందుకొచ్చి, డబ్బా అందుకుని, "లోపలికి రండి సార్" అంది. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. ఆయన అన్నేళ్ళు ఎండలో కూర్చుని అడిగింది దొరికిన రోజు. నాకు ఆ రోజు సంతోషమో దిగులో ఇప్పటికీ తేలలేదు. కాజా మాత్రం బాగుంది.

తరువాత మేము బడంగ్‌పేట్‌లో ఈ ఫ్లాట్ కొనుక్కుని వచ్చేశాం. సార్ గృహప్రవేశానికి వచ్చి, ముందు ఎదురు ఫ్లాట్ తలుపు ఎటు తెరుచుకుంటుందో చూసి, "మీ బిల్డర్ కూడా నా స్టూడెంటే అయ్యుంటడు" అన్నారు. ఆ తరువాతి చలికాలంలో పోయారు. చూడటానికి వెళ్ళినప్పుడు గుమ్మం బయట చెప్పులు ఎన్నో ఉన్నాయి. చౌకట్టుకు ఆ లప్పం మచ్చలు అలాగే ఉన్నాయి. జాలీ తలుపు మళ్ళీ పెట్టించలేదు.

ఇవాళ మధ్యాహ్నం ఎదురు ఫ్లాట్ బెల్లు కొట్టాను. సాఫ్ట్‌వేర్ కుర్రాడు, చెవుల్లో వైర్లతో వచ్చాడు. "బాబూ, జర మీ జాలీ తలుపు పూర్తిగా తీస్తావా?" "తీశాను కదా అంకుల్." "అంత కాదు, గోడకు ఆనేదాకా." తీశాడు. తలుపు అంచు వచ్చినంత మేర నేల మీద సుద్దముక్కతో గీత గీశాను. "ఏదైనా ప్రాబ్లమా అంకుల్?" "ఏం లేదు. మేము మ్యాట్ కొంటున్నాం." అతను నా వంకా, తన తలుపు వంకా, గీత వంకా చూసి, పెద్దవాళ్ళతో ఎందుకులే అన్నట్టు తల ఊపాడు. మ్యాట్ వెనక్కి పంపుతున్నాం. కారణం ఎంచుకోమని ఫోన్ కొన్ని కారణాలు చూపించింది. చిరిగింది, రంగు వేరు, సైజు సరిపోలేదు. ఎదుటి తలుపుకు తగులుతోంది అన్న కారణం అందులో లేదు. సైజు అనే నొక్కాను.

పార్సిల్ తీసుకుని కిందికి బయల్దేరి, గుమ్మం దగ్గర అలవాటుగా "తలుపు తీస్తున్నా" అన్నాను. సోఫాలో చదువుకుంటున్న మా అమ్మాయి పుస్తకంలోంచి తల ఎత్తలేదు. ఎవరికి చెబుతున్నానని చిన్నప్పుడు అడిగేది, ఇప్పుడు అడగడం మానేసింది. "తియ్యి నాన్నా" అంది.

తీశాను.